కూర్చున్నంత ఎత్తులో కిటికీ

మా ఇంట్లో అద్దం ఎంత కిందికి వేలాడుతుందంటే, వచ్చిన చుట్టాలు తల దువ్వుకోవాలంటే నడుం వంచాలి. క్యాలెండరు కూడా అంతే. స్విచ్చులూ అంతే. చివరికి దేవుడి పటాలూ అంతే. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన పొద్దున్నే మగ్గం గుంతలోకి కాళ్ళు దించి నేల మీద కూర్చున్నాడంటే, అన్నానికి తప్ప లేవడు. అలా కూర్చున్నప్పుడు ఆయన కళ్ళు ఉండే ఎత్తే మా ఇంటికంతా ఎత్తు. గోడకు మేకు కొట్టాల్సి వస్తే ఆయన కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, "ఈడ కొట్టు" అంటాడు. అక్కడే కొడతాం. హైస్కూల్లో ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, నిలబడిన నా ముఖం నాకే ఎదురుగా అద్దంలో కనబడేదాకా, అందరి ఇళ్ళలోనూ ఇంతేననుకున్నాను.

ఆ ఇంట్లో ఎవరి చూపూ ఆనని చోటు ఒక్కటే, అటక.

మగ్గం నెత్తిన చీర డిజైన్లు నడిపే జాకార్డు పెట్టె కూర్చోవాలి కాబట్టి, మా తాత మగ్గం గది కప్పును బాగా ఎత్తుగా లేపించాడట. దాని వెనక ఉన్న చిన్న గదికి మాత్రం సగం ఎత్తులో దూలాలు వేసి చెక్కలు పరిచారు. ఆ చెక్కలకూ పైకప్పుకూ మధ్య మిగిలిందే అటక. మగ్గం గది వైపు దానికి గోడ లేదు. కింద కూర్చుని తలెత్తితే ఒక నల్లటి నోరు తెరుచుకుని ఉన్నట్టు కనిపించేది. చిన్నప్పుడు దాన్ని చూస్తే భయం. పెద్దయ్యాక ఆశ.

అన్నకు పెళ్ళయి శింగనమల నుంచి వదిన వచ్చాక వెనక గది వాళ్ళదయింది. అంతకుముందు అక్కడ పడుకునే అవ్వా, నేనూ మగ్గం పక్కకు వచ్చాం. వదిన మంచిది, నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. కానీ నాకు చదివే పిచ్చి ఉంది, రోజూ నాలుగు ముక్కలు డైరీలో రాసుకునే అలవాటు ఉంది. మగ్గం పక్కన ఆ రెండూ సాగవు. పుస్తకం తెరవగానే అవ్వ మెడ సాచేది.

"ఏం రాస్తాండావు మే?"

"ఏం లేదవ్వా."

"ఏం లేనిదానికి అంత సిరా ఎందుకు?"

నేను పుస్తకం మూసేసేదాన్ని. ఎవరైనా రెండోసారి అడిగితే నాకు మాట గొంతులోనే ఆగిపోతుంది. కాలేజీలో కూడా అటెండెన్సు పిలిచినప్పుడు నా పేరుకు నా పక్కనున్న అమ్మాయే పలికేది.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు అన్నం తింటూ అన్న అన్నాడు: "నాయనా, అటక ఊరికే పడి ఉండాది. ఖాళీ చేసి రూము చేస్తే నా కంప్యూటరు ఆడ పెట్టుకుంటా." అన్న కంప్యూటరులో చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. అప్పటిదాకా అది వాళ్ళ గదిలో మంచం పక్కన ఒక స్టూలు మీద ఉండేది. నాయన ముద్ద మింగి, "చేద్దాంలే" అన్నాడు.

ఆ అటకను నేను మనసులో ఎన్నిసార్లు ఊడ్చానో, ఎన్నిసార్లు చాప పరిచానో. ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు అది నిజంగా గది కాబోతోంది, నాది మాత్రం కాదు. అయినా వింతగా, ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు. రేపు పైకి ఎక్కచ్చు కదా అనే సంతోషమే ఎక్కువైంది.

సామాను దించే పని నేనే మీద వేసుకున్నాను. నిచ్చెన ఎక్కి మొదటిసారి అక్కడ నిటారుగా నిలబడ్డాను. నా తలకూ కప్పుకూ మధ్య ఇంకా బెత్తెడు సందు మిగిలింది. అన్న మాత్రం ఎక్కగానే నెత్తి కప్పుకు కొట్టుకుని, "నాకేం, కుర్చీలో కూర్చునేవాణ్ణి" అని తడుముకున్నాడు. ఎలుకలు గింజలన్నీ తినేసి పొట్టు మిగిల్చిన చెనిక్కాయల మూట ఒకటి, మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెలు విరిగినవి, మూత రాని ట్రంకు పెట్టె ఒక్కొక్కటే దించాం. దించిన ప్రతి వస్తువుకూ కింద అవ్వ అడ్డం పడింది.

"అది పారేయద్దు."

"ఇది ఏందో కూడా తెలీదవ్వా" అన్నాడు అన్న.

"తెలీందాన్ని పారేస్తారా ఎవరన్నా?"

మూలలో దారాలతో కుట్టిన అట్టల కట్టలు దొరికాయి. తాత కాలంనాటి జాకార్డు అట్టలు. వాటి నిండా చిన్న చిన్న రంధ్రాలు. ఆ రంధ్రాల వరసను బట్టే చీర మీద మామిడి పిందె పడుతుందో, హంస పడుతుందో తేలుతుంది. ఒక అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. నా అరచేతి నిండా వెలుగు చుక్కలు. నాయనకు చూపిస్తే, కట్ట విప్పకుండానే వేలితో రెండు వరసలు తడిమి, "హంస అంచు" అన్నాడు. నేను ఆ కట్టను మళ్ళీ పైకే తీసుకెళ్ళి ఒక మూల పెట్టాను. గది ఎవరిదైనా కానీ, అది అక్కడే ఉండాలనిపించింది.

పాత చెక్కలు తీసి కొత్తవి వేశారు. నిచ్చెన బదులు వెల్డింగు షాపువాళ్ళు సన్నటి ఇనుప మెట్లు తెచ్చి బిగించారు. తెరిచి ఉన్న వైపు నడుమెత్తున కటకటాలు వచ్చాయి. ప్రతి సాయంత్రం అందరూ కిందికి దిగాక, చూడ్డానికన్నట్టు ఒకసారి ఎక్కి వచ్చేదాన్ని. కొత్త చెక్క వాసనకు ఊపిరి లోతుగా తీసుకునేదాన్ని.

ఇక మిగిలింది వెనక గోడకు కిటికీ. మేస్త్రి వచ్చిన రోజు అన్న డిజైన్లు చూపించడానికి కదిరి పోయాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పైన రాళ్ళు ఊడుతున్న చప్పుడు విని, కాసేపయ్యాక మజ్జిగ చెంబు తీసుకుని ఎక్కాను. ఎక్కి, మెట్ల మీదే ఆగిపోయాను.

గోడకు పెద్ద బొక్క. దాని కింది అంచు నా మోకాళ్ళకన్నా దిగువన ఉంది. పైన పెట్టిన బండ నా భుజాల దాకా కూడా రాలేదు. దానిలోంచి ఎండ లోపలికి వచ్చి, నేల మీద చాప పరిచినట్టు పడింది. నాకు ఆ వెలుగులోకి వెళ్ళి కూర్చోవాలని ఎంత ఆత్రమైందంటే, మజ్జిగ ఇవ్వడం మరిచిపోయాను.

పొద్దుగూకేటప్పటికి అన్న వచ్చాడు. మెట్లెక్కి చూశాడు.

"నాయనా, ఇదేం కిటికీ? నా కాళ్ళకు వెలుతురు చూపిచ్చేదానికా?"

మేస్త్రి చేతులు కడుక్కుంటూ నవ్వాడు. "నేను రెండుసార్లు అడిగినా అప్పా. కిటికీ యాడ పెట్టల్ల అన్నా అంటే, మీ నాయన వచ్చి ఈడ నేల మీద కూర్చున్న్యాడు. చెయ్యి చాపి 'ఈడ' అన్న్యాడు. బాగ చూసుకో అన్నా అంటే, నాకు చెప్తావా అన్న్యాడు."

"కూర్చుంటే సరిపోతాది" అన్నాడు నాయన.

"నేను కూర్చునేది కుర్చీలో నాయనా, గుంతలో కాదు. టేబులు పెడితే సగం కిటికీ దాని కిందికే పోతాది."

నాయన చెవి రుద్దుకున్నాడు. అప్పుడుగానీ ఆయనకు తట్టినట్టు లేదు. చివరికి మేస్త్రి, రేపు దాన్ని మూసి పైన ఇంకొకటి తెరుస్తానన్నాడు. అందరూ సరేనన్నారు.

నేను మాత్రం లోపల లెక్క వేసుకున్నాను. కిటికీ పైకి పోయిందంటే టేబులొస్తుంది, కుర్చీ వస్తుంది, కంప్యూటరొస్తుంది. ఇక ఆ గది అన్నకే. కిందనే ఉంటే ఆ వెలుతురు నేల మీద కూర్చునేవాళ్ళకే. ఈ ఇంట్లో నేల మీద కూర్చుని రాసేది నేనొక్కదాన్నే.

రొట్టెలు చేస్తుంటే వదిన నా ముఖం చూసింది. "నీకు కావాలనుంటే చెప్పరాదా. మీ అన్నకు ఎట్ల తెలుస్తాది?"

"కంప్యూటరు యాడ పెట్టుకుంటాడు వదినా?"

"నువ్వు పైకి పోతే మగ్గం పక్కన చోటు ఖాళీ అయితాది గదా. ఆడ పెట్టుకోనీ. నా మంచం పక్క నుంచి పోతే నాకు అదే చాలు."

అంత సులువైన లెక్క నాకెందుకు తోచలేదో.

పొద్దున మేస్త్రి రాకముందే వెళ్ళి ఆ కిటికీ ముందు కూర్చున్నాను. అతను ఇటుకలు మోసుకొచ్చి, "లెయ్యిమ్మా, మూసేస్తా" అన్నాడు.

"వద్దు" అన్నాను.

"ఏమన్నావు?"

"అది అట్లే ఉండనీ."

కింద మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడులో అవ్వ గొంతు వినిపించింది. "ఏమంటాంది అది? గట్టిగా చెప్పు మే, మగ్గం సద్దులో ఇనపడల్యా."

రెండోసారి చెప్పమన్నారు. నాకు రాని పనే అది. లేచి కటకటాల దగ్గరికి వచ్చాను. కింద నాయన, పక్కన అమ్మ దారం చుడుతూ, పళ్ళు తోముకుంటూ అన్న, పొయ్యి గది గుమ్మంలో వదిన. నాయన నాడె చేతిలోనే ఆపి తలెత్తాడు. మగ్గం ఆగింది. మా ఇంట్లో మగ్గం ఆగితే వచ్చే నిశ్శబ్దం అంతా ఇంతా కాదు.

"నాకు ఆ గది కావాల" అన్నాను. "నేను నేల మీదనే కూర్చుని రాసుకుంటా. కుర్చీ వద్దు. కిటికీ నాకు సరిగ్గా ఉండాది. అన్న కంప్యూటరు ఇప్పుడు నేను పండుకునేచోట పెట్టుకోనీ."

ఒక్క ఊపిరిలో నేను అంత మాట్లాడేసరికి అమ్మ చేతిలో దారం తెగింది.

అన్న నోట్లో నురుగు ఉమ్మేసి వచ్చాడు. "నోరు లేదనుకుంటిమి. తెరిస్తే ఏకంగా మిద్దె అడిగింది." నవ్వుతున్నాడు. వదిన వైపు ఒకసారి చూశాడు, ఆమె ఎటో చూసింది. "సరేలే, తీసుకో. నాకు ఆ కప్పు ఎట్లాగూ నెత్తికి తగుల్తాంది."

"కంప్యూటరు నా పక్కన పెట్టు" అన్నాడు నాయన. "గీసేటప్పుడే తప్పులు చెప్తా."

"అదే భయం నాకు" అన్నాడు అన్న.

మేస్త్రి పైనుంచి, "కలిపిన సిమెంటు నేనేం చేసుకోల్ల?" అన్నాడు.

"పొయ్యి కాడ గోడ బీటిచ్చింది, ఆడ పూయి" అంది అవ్వ. ఎవరి సంతోషంలోనైనా ఆమె తన పని ఒకటి ముగించుకుంటుంది.

వేడి తగ్గాలని కప్పు మీద సున్నం కొట్టించాం. అయినా ఎండ ఉన్నంతసేపూ పైన ఉక్క తప్పలేదు. "ఉడికిన చెనిక్కాయ మాదిరి అయితావు" అని అన్న రోజూ ఎగతాళి చేశాడు. అంతలో ఆషాఢం గాలి మొదలైంది. మా వైపు ఆ గాలి మనిషిని పట్టుకుని తోస్తుంది. అది నా కిటికీలోంచి నేలబారున వచ్చి, కూర్చుంటే ముఖానికి, పడుకుంటే ఒళ్ళంతా తగిలింది. పుస్తకం పేజీలు తాత అట్టల కట్ట కింద అణిచి పెట్టుకుని చదువుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన మగ్గంలోకి దిగకుండా మెట్లెక్కి వచ్చాడు. నా చాప మీద, కిటికీ ముందు కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన కాళ్ళు ముందుకు జరిగి గుంత కోసం వెతికాయి. చెక్కలే తగిలాయి. ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి చాపి, ఒకసారి మడిచి, చివరికి బాసింపట్టు వేసుకున్నాడు. బయటికి చూశాడు. వెనక వీధి కప్పులు, వాటి మీద ఆరేసిన రంగు పట్టుదారపు లడీలు, ఆవల రాళ్ళ గుట్ట.

"గుట్ట ఇంత దగ్గర ఉండాదా?" అన్నాడు.

"ఈడనుంచి అట్ల కనపడతాది నాయనా."

చాలాసేపు చూశాడు. తర్వాత పక్క గోడ వైపు తిరిగి, కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, "అద్దం ఈడ పెట్టుకో" అన్నాడు.

నేను మేకు తేవడానికి కిందికి పరుగెత్తాను.