ఎడమ పక్క కుట్టు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే బస్సు గార ఊరికి ఇవతల టైరు గాలి దిగి నిలిచిపోయింది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, మాఘమాసపు ఎండ. దర్జీ కూర్మయ్య సరుగుడు చెట్ల నీడన కూర్చుని, రోడ్డు వెంట తట్టతో నడిచొస్తున్న మనిషిని చూసి తల దించుకున్నాడు. కళింగపట్నం రేవులో చేపలమ్మే దానమ్మ. నెత్తి మీద తట్ట ఒక పక్కకు ఒరిగి ఉంది.

“ఏటి మావా, ముకం దాసుకుంతన్నావు? నువ్వు కుట్టిన బొమ్మ మెడకాడికి ఎగబాకిపోతంది. రేవులో ఆడోళ్ళు నవ్వుతన్నారు.”

బొమ్మంటే గుడ్డ సంచి. మూడు నెలల కిందట విశాఖపట్నంలో రాచపుండని దానమ్మ ఎడమ రొమ్ము తీసేశారు. ఆ ఖాళీలో పెట్టుకోవడానికి కూర్మయ్యే బూరుగు దూది కూరి కుట్టిచ్చాడు, కూలి పుచ్చుకోలేదు. పైదేశాల్లో పొట్ట మీది చర్మం తెచ్చి కొత్తది అతుకుతారనీ, చర్మం కింద మెత్తని తిత్తులు పెట్టడం కూడా మొదలెట్టారనీ అక్కడి డాక్టరు చెప్పాడట. “వలకి మాసికేసినట్టేటి బాబూ?” అని దానమ్మ ఆయన ఎదటే నవ్వేసిందట.

ఆమె తట్ట దించింది. అందులో ఎండుచేపలకు మారుగా తెచ్చిన చోళ్ళున్నాయి. రాగుల్ని అక్కడ అలాగే అంటారు. వాటిని చూశాక కూర్మయ్యకు తోచింది, దూదికి లేనిది బరువని. దానమ్మ చెట్ల చాటుకెళ్ళి సంచి తీసి తెచ్చింది. అతను కుట్టు విప్పి, సగం దూది లాగేసి, చోళ్ళు దోసిట పట్టి పోశాడు.

“సాలా?”

“కుడిదాని బరువు నీకేటి తెలుసు? నాకు తెలుసు. ఇంకా పొయ్యి.”

ఆ రేవులో దర్జీలు ఆడవాళ్ళ మీద టేపు వెయ్యరు. ఆది రవిక తెచ్చిస్తే దాన్నిబట్టి కుడతారు. ఆ రవికలో ఏం కనబడినా దర్జీ నోట రాకూడదు. కూర్మయ్య ముప్పై ఏళ్ళు ఆ కట్టుబాటు తప్పలేదు. కిందటేడు దానమ్మ ఒకే రవిక రెండుసార్లు పంపింది, ఎడమ పక్క ఒరుస్తోంది వదులు చెయ్యమని. రెండోసారి అక్కడ చిన్న మరక. వదులు చేసి, మడతపెట్టి పంపేశాడు.

ఇప్పుడు కుట్టు వేస్తూ, తలెత్తకుండా అన్నాడు: “నేనా మరక సూసాను పిల్లా. మా అమ్మ రవిక మీదా అదే మరక. ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. ఆడమనిసివి, నిన్నేటని అడుగుతానని ఊరుకున్నాను.”

“ఎప్పుడు?”

“వానల ముందు.”

దానమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

“పాలగడ్డనుకున్నాను నేను,” అంది నెమ్మదిగా. “ఆర్నెల్లు ముందొస్తే సంకలోకి పాకకపోను అన్నాడు డాక్టరు.”

సంచి అందుకుని చాటుకెళ్ళి వచ్చింది. రవిక రెండు పక్కలా ఒకే తీరున నిలిచింది. ఆపరేషనయ్యాక వాచిన ఎడమ చెయ్యి పైకి లేవదు. కూర్మయ్య సాయానికి లేచాడు. ఆమె అతనివైపు చూడకుండా, కుడిచేత్తోనే తట్టను మోకాలి మీదికీ, అక్కణ్ణించి నెత్తి మీదికీ ఎత్తుకుంది.

బస్సు బాగయిందని కండక్టరు కేకేశాడు. కూర్మయ్య చేతిలో సూదితో అలాగే నిలబడ్డాడు. దానమ్మ రోడ్డు పట్టుకుని నడిచిపోయింది. తట్ట ఒరగలేదు.