గిన్నెలో బాగున్న అత్తయ్య

మా మేడ మీది డబ్బింగ్ అత్తయ్య కిందటి నెల చనిపోయారు. పేగుకి చిల్లు పడిందట. ఆపరేషన్ బల్ల ఎక్కించేసరికే విషం ఒళ్లంతా పాకిందట. ఆవిడ డబ్బింగ్ చెప్పే థియేటర్‌లోని సౌండ్ ఇంజనీరు ఫోన్ చేసి, "మేడమ్ పోయిందమ్మా," అన్నాడు.

ఆవిడ ముఖం మీకు తెలియదు గానీ గొంతు తెలిసే ఉంటుంది. కొడుకు శవం మీద పడి గుండెలు బాదుకునే తల్లి, ఆఖరి శ్వాసలో చేతిలో చెయ్యి వేయించుకునే నాయనమ్మ... తెర మీద ఎవరున్నా ఏడ్చింది మా అత్తయ్యే. తెనాలి నుంచి ఫిల్మ్‌నగర్ వచ్చి, ఏడుపుతోనే ఇల్లు నిలబెట్టుకున్న మనిషి. మామూలుగా మాత్రం కిందింటి దాకా వినపడేలా నవ్వేవారు. "ఏడుపు గొంతులోంచి వస్తుందనుకుంటారే పిచ్చిమొహాలు, అది కడుపులోంచి రావాలి," అనేవారు నాతో.

డబ్బింగ్ ఉన్న రోజు ఆవిడ పద్ధతి వేరు. గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేవారు. గంజి పెట్టిన చీర కట్టేవారు కాదు. మైకుకి అన్నీ వినపడతాయి మరి. ఒకసారి ఆవిడ వెంట థియేటర్‌కి వెళ్లాను. మంచి ఏడుపు మధ్యలో ఇంజనీరు ఆపేశాడు.

"మేడమ్, జర ఆగండి. కడుపు వినపడుతుంది."

"మళ్లీనా నాయనా?" అంటూ నవ్వేశారు అత్తయ్య. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అద్దం వెనక ఆ ఇంజనీరు ఒక్కడే నవ్వలేదు. "నాలుగు నెలల సంది గిట్లనే అయితుంది, డాక్టర్‌కి చూపించుకోరాదు మేడమ్," అన్నాడు.

చూపించుకోలేదు. కడుపు చప్పుడు వినపడకూడదని పని రోజుల్లో తిండే మానేశారు. ఆ ఉపవాసాన్ని జూబ్లీ హిల్స్ నిర్మాతలు నిష్ఠ అని మెచ్చుకున్నారు. గొంతు సన్నబడలేదు కాబట్టి మనిషి చిక్కిపోవడం ఎవరికీ పట్టలేదు. రక్తం పడటం మొదలయ్యాకే ఆసుపత్రికి వెళ్లారు. పేగుల్లో పుళ్లు, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన కణాలే పేగు మీద కత్తి కడతాయి.

నేను పనిచేసే ల్యాబ్‌లో ఆ జబ్బు మీదే పరిశోధన. రోగి పేగులోంచి చిటికెడు ముక్క తీసి, అందులోని మూలకణాలను చిన్న గిన్నెల్లో జిగురులాంటి పదార్థంలో పెంచుతాం. అవి ఆవగింజల కంటే చిన్న ఉండలవుతాయి. లోపల బోలుగా, మొగ్గలు వేస్తూ, అచ్చం పేగు గోడలా బతుకుతాయి. అత్తయ్య సంతోషంగా సంతకం పెట్టి పేగు ముక్కా, రక్తమూ ఇచ్చారు. గిన్నెల మీద పేర్లు ఉండవు, అంకెలే. కానీ ఆ రోజు వచ్చింది ఆవిడ ముక్క ఒక్కటే. ఎవరిదో దాచినా దాగలేదు.

అప్పటినుంచి మెట్ల మీద ఎదురుపడితే చాలు, "నేనెలా ఉన్నానే అక్కడ?" అని అడిగేవారు. ఫలితాలు చెప్పకూడదు. "బతికే ఉన్నారు అత్తయ్యా," అనేదాన్ని. నా ముఖం చూసి మిగతాది ఆవిడే కనిపెట్టేసేవారు. నిజంగానే ఆ గిన్నెలో ఆవిడ పేగు నిగనిగలాడుతూ ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు సంతోషం బదులు భయం వేసేది. మేడ మీద మనిషి కరిగిపోతున్నారు, గిన్నెలో ఉండలు బలుస్తున్నాయి.

డాక్టర్లు పెద్దపేగు తీసేయాలన్నారు. పొట్ట కోస్తే ఏడుపు పోతుందని అత్తయ్య భయం. "అక్కడ బాగున్నదాన్ని ఇక్కడ బాగవనా? కొన్నాళ్లు చూద్దాం," అన్నారు.

"అత్తయ్యా, గిన్నెలో ఉన్నది పేగు గోడ ఒక్కటే. దాన్ని కొరికే కణాలు అక్కడ లేవు, అన్నీ మీ ఒంట్లోనే ఉన్నాయి. దాన్ని చూసి ఆగకండి," అని చేతులు పట్టుకుని చెప్పాను.

"అయితే శత్రువు లేని ఇంట్లో సుఖంగా ఉన్నానన్నమాట," అని నవ్వారు. ఎంత మొండి మనిషో! ఆ వారమే ఎవరో తల్లి చావు ఏడుపు చెప్పడానికి వెళ్లారు. ఒక్క టేకులో ఓకే అయిందట. ఇంజనీరు తర్వాత చెప్పాడు, ఆ రోజు కడుపు చప్పుడే లేదట. బాగైందనుకుని అతనూ సంతోషించాడట. పేగు కదలడం మానేసిందని ఎవరికి తెలుస్తుంది? మర్నాడే ఆసుపత్రి, ఆ రోజే అంతా అయిపోయింది.

ఆవిడ ఇచ్చిన రక్తంలోంచి, పేగును కొరికే ఆ కణాలను వేరుచేసి మంచులో దాచి ఉంచాం. ఆ కణాలనూ, ఆ పేగునూ ఒకే గిన్నెలో కలపాలని మా సార్ ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారు. నేను పోయినా వాడుకోండని అత్తయ్య సంతకం పెట్టినప్పుడే రాసిచ్చారు కాబట్టి అడ్డేమీ లేదు. పోయిన వారం ఆ పని నా చేతుల మీదుగానే జరిగింది.

మొదటిరోజు ఏమీ కాలేదు. మర్నాడు ఉండల చుట్టూ చుక్కలు చుక్కలుగా కణాలు మూగాయి. ఆపైన గుండ్రటి అంచులు చిరిగి, లోపలిది బయటికి కారడం మొదలైంది.

"పనిచేసిందమ్మా! ఫొటోలు తియ్యి," అన్నారు మా సార్, పిల్లాడిలా సంబరపడుతూ.

నేను మైక్రోస్కోపు మీంచి కళ్లు తీయలేకపోయాను. నా కళ్లముందే, చడీచప్పుడూ లేకుండా, అత్తయ్య మళ్లీ పోతున్నారు.