అంకిసామె పేరు

సిరొంచ బస్టాండులో ‘అంకిస’ అని బోర్డు పెట్టిన బస్సు కనబడితే ఇప్పటికీ నాకు మా బాపమ్మే గుర్తొస్తుంది. కోడళ్లను పుట్టినూరి పేరుతో పిలవడం మా దిక్కు అలవాటు. ఎనభైలలో, నా చిన్నప్పుడు, వాడకట్టంతా ఆమెను ‘అంకిసామె’ అనేది. నాకది తెలియక, ఆమె పేరే ఆ ఊరికి పెట్టారని గొప్పగా అనుకునేదాన్ని.

ఒకసారి వాళ్లక్కకు పాణం బాగాలేదని కబురొస్తే బాపమ్మ నన్ను వెంటబెట్టుకొని అంకిస పోయింది. ఆ ఇంటినిండా కొత్త వడ్ల వాసన, ఎండుచేపల వాసన. మంచంలో ఉన్న పెద్దామె కళ్లు తెరిచి, “లచ్చీ, వచ్చినవా?” అంది.

నేను అడ్డుపడి, “ఈమె లచ్చి గాదు, అంకిసామె” అన్నాను.

బాపమ్మ అక్క చెయ్యి పట్టుకొని, “నా పేరే బిడ్డా. మా అవ్వ పెట్టింది” అంది. ఆమె గొంతు అంత మెత్తగా నేనెన్నడూ వినలేదు.

మర్నాడు పొద్దున ఆ పెద్దామె పోయింది. బాపమ్మ గోడకు ఒరిగి, “ఇగ నన్ను లచ్చీ అని ఎవరు పిలుస్తరే అక్కా” అని ఏడ్చింది. అదేం పెద్ద పని అనుకొని నేను దగ్గరికి పోయి, “నేను పిలుస్త బాపమ్మా” అన్నాను. ఆమె నన్ను ఒళ్లోకి లాక్కొని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఎందుకో అప్పుడు తెలియలేదు. ఈ మధ్య మా ఇంటి ఆడవాళ్ల పేర్లు రాసిపెడదామని అంకిస పోయి, బాపమ్మకు ఆ పేరు పెట్టిన తల్లి గురించి అక్కడి ముసలివాళ్లను అడిగాను. ఒకామె చాలాసేపు ఆలోచించి చెప్పింది.

“ఆమెనా? ఆమెను రేగుంటామె అనేటోళ్లు బిడ్డా.”