తగ్గింపు రూములో వియ్యపురాలి మర్యాద

మద్రాసు దారిలోని థీమ్ పార్కుకు ఏడాది పాసు కొనేముందే లెక్క కట్టాను. మూడుసార్లు వెళ్తే పాసు ఖరీదు వచ్చేస్తుంది, నాలుగోసారి నుంచి లాభం. నాకొకటి, మనవరాలికొకటి తీసుకున్నాను. వేసవి సెలవులు ముగిసేలోగా అసలు రాబట్టేశాం. నేను ఎక్కేది రంగులరాట్నం ఒక్కటే. మిగిలిన పొద్దంతా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. అయినా పాసు పాసే.

చిక్కల్లా తిరుగు ప్రయాణంతోనే. రోజంతా ఎండలో తిరిగి, కిక్కిరిసిన బస్సులో వేలూరు చేరేసరికి మోకాళ్ళు మొరాయించేవి. పార్కు పక్కనే వాళ్ళదే ఒక హోటల్ ఉందనీ, పాసున్నవాళ్ళకు అద్దెలో నాలుగో వంతు తగ్గిస్తారనీ మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. షరతులన్నీ రెండుసార్లు చదివించుకున్నాను. శని, ఆదివారాల్లో తగ్గింపు లేదు. డబ్బు ముందే కట్టాలి, రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. గదిలో ముగ్గురు ఉండవచ్చు, పొద్దుటి టిఫిను అద్దెలోనే. ఇంత వయసు వచ్చినా నేను డబ్బిచ్చి పడుకున్న గది ఒక్కటీ లేదు. చుట్టాల ఇళ్ళు, కల్యాణ మంటపాలు, అంతే. ఒక్క రాత్రి ఎవరి వంటింట్లోనూ అడుగు పెట్టకుండా నిద్రపోవాలని ఆశ పుట్టింది. దసరా సెలవుల్లో ఒక మంగళవారానికి గది తీసుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం లెక్కలో వేయలేదు. మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, పూందమల్లిలో ఉంటుంది. పార్కుకు ఎంతో దూరం లేదు. మనవరాలు సంతోషం పట్టలేక గది ఫోటో ఆమెకు పంపింది. వెంటనే ఫోను మోగింది.

"ఏం వదినా, మా ఇల్లు ఉండంగా లాడ్జిలో దిగతాండారంటనే?"

"లాడ్జి కాదు వదినా, హోటలు. పాసుకు తగ్గించి ఇస్తాండారు."

"మా ఇంట్లో నేనేమన్నా అద్దె అడిగినానా? మీ వేలూర్లో లాడ్జిల్లో ఎవురు దిగతారు? ఆస్పత్రికి వచ్చినోళ్ళు. పాపం, వాళ్ళకు ఊర్లో ఎవురూ ల్యాక. మీకూ ఎవురూ లేరా? మేం ఉండామా, చచ్చినామా?"

ఆమెదీ నాదీ పుట్టిన ఊరు గుడియాత్తమే, ఇద్దరం నేతవాళ్ళ బిడ్డలమే. ఆ ఇళ్ళల్లో మగ్గం గుంతకూ పొయ్యికీ మధ్య ఎంత చోటుంటుందో నాకు తెలుసు. పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా ఆ చోటులోనే సర్దుకుని పడుకునేవాళ్ళు. ఊళ్ళో చుట్టం ఉండగా బయట దిగామంటే, ఆ ఇంట్లో అన్నం పుట్టదని నలుగురికీ చాటినట్టే. ఆమె కోపం న్యాయమే.

సాయంత్రం కోడలు వచ్చి, "అమ్మ ఏడస్తా ఉండాది అత్తా. క్యాన్సిల్ చేసేయండి," అంది. మనవరాలి మొహం వాడిపోయింది. నా మొహం నేను చూసుకోలేదు.

రద్దు చేస్తే డబ్బూ పోతుంది, గదీ పోతుంది. చేయకపోతే వియ్యపురాలు పోతుంది. మరునాడు నేనే ఫోను చేశాను.

"వదినా, ఆ గదిలో ముగ్గురు ఉండొచ్చు. మేం ఇద్దరమే. మీరూ రాండి."

"నేనా? ఇల్లు పెట్టుకోని లాడ్జిలో పండుకోవాల్నా? నవ్వతారు."

"మీరు రాకుంటే గది వదిలేస్తా. డబ్బు పోతే పోనీండి."

గొంతు తగ్గించి, "టిఫినుకు ఏం పెడతారంట?" అంది.

మంగళవారం మేము వెళ్ళేసరికి ఆమె పట్టుచీరలో, పెద్ద సంచీతో హోటల్ హాల్లో కూర్చుని ఉంది. నేను కౌంటరు దగ్గర పాసులు చూపిస్తుంటే అక్కడి అమ్మాయితో అరవంలో గట్టిగా చెప్పింది, వీళ్ళు మా ఇంటికి వచ్చిన విరుందాళులు, అంటే చుట్టాలు, మంచి గది చూసి ఇవ్వమని. తాళం కార్డు తనే అందుకుంది. మాకన్నా ముందు గదిలోకి పోయి, వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడింది.

"రాండి వదినా, రాండి. ఏం పాపా, చిక్కిపోయినావే!"

నీళ్ళిచ్చింది. కెటిల్‌తో కుస్తీ పట్టి టీ పెట్టింది. కిటికీ వైపు మంచం నాకిచ్చి, "మొగమాట పడాకండి, మన ఇల్లే అనుకోండి," అంది. డబ్బు కట్టింది నేనని గుర్తు చేయడానికి నోరు రాలేదు. హాయిగా నిద్రపోయాను.

పొద్దున టిఫిను దగ్గర నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. ప్లేట్లు తనే మోసుకొచ్చింది.

"ఇంకొక వడ ఏసుకోండి. సాంబార్లో ఈ పొద్దు ఉప్పు తగ్గింది, ఏమనుకోవద్దు వదినా."

"అవ్వా, ఆ సాంబారు నువ్వు చేసినావా?" అని మనవరాలు నవ్వింది.

"ఊరుకో పాపా, వచ్చినోళ్ళ ముందర!"

బయల్దేరే వేళకు గది గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపింది. సంచీలోంచి తమలపాకులు, వక్క, రవికగుడ్డ తీసింది. వాటి మీద, టిఫిను బల్ల దగ్గర్నుంచి తెచ్చిన రెండు అరటిపండ్లు పెట్టి నా చేతిలో ఉంచింది.

"పోయిరాండి వదినా. ఈ తూరి నాలుగు దినాలు ఉండేట్టు రాండి."

మేము లిఫ్టు ఎక్కేదాకా గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపింది. తాళం కార్డు ఆమె దగ్గరే ఉందని కిందికి దిగాక గుర్తొచ్చింది. కౌంటరు దగ్గర కాచుకున్నాం. తర్వాతి లిఫ్టులో సంచీ భుజాన వేసుకుని దిగింది, ఇల్లు తాళం వేసి వచ్చినదానిలాగే.