క్లిఫ్ బయల్దేరిన రోజు

మా పక్కింటి క్లిఫ్ సగ్డెన్‌కి బయల్దేరడం రాదు. పని చేయడం బ్రహ్మాండంగా వచ్చు, కబుర్లు అంతకన్నా బాగా వచ్చు, గుమ్మం దాటడం మాత్రం రాదు. కోటు తొడుక్కుంటాడు, విప్పుతాడు, కెటిల్ పెడతాడు, టీ తాగి కప్పు కడుగుతాడు, వెనక తలుపు గడియ చూస్తాడు, టోపీ వెతుకుతాడు, మళ్ళీ వెళ్ళి అదే గడియ చూస్తాడు. మా యార్క్‌షైర్‌లో దీన్ని ఫాఫింగ్ అంటాం. మనిషి ఖాళీగా ఉండడు, పని ఒక్కటీ తెమలదు, చూసేవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది. పక్కింట్లో ఉన్న పాపానికి నాకు ఏళ్ళ తరబడి మండుతూనే ఉంది.

కుర్రతనంలో క్లిఫ్, వాళ్ళన్న ఎర్నీ కలిసి కీత్లీలో ఉన్నిమిల్లుకి వెళ్ళేవారు. సైరన్ మోగగానే గేటు మూసేవారు. బయట ఉండిపోయినవాడికి ఆ పూట పని లేనట్టే. క్లిఫ్ ఇంకా వీధి మలుపులో బూటు లేసు కట్టుకుంటూ ఉండేవాడు. ఎర్నీ వచ్చి గేటు సందులో తన బూటు ఇరికించి నిలబడేవాడు.

"కాలు తియ్యరా," అనేవాడు కాపలావాడు.

"మా తమ్ముడు వస్తున్నాడు. కాస్త ఆగు."

"ఏడీ? నాకు కనబడడే."

"నీకు కనబడకపోతే ఏం? వస్తాడు."

క్లిఫ్ లోపలికి దూరాకే ఆ బూటు కదిలేది. పెళ్ళినాడూ ఇదే తంతు. పెళ్ళికొడుకు ఇంట్లో టై వెతుక్కుంటుంటే, ఎర్నీ చర్చిలో పాదిరిగారిని కబుర్లలో పెట్టి ఆపాడు. క్లిఫ్ భార్య హిల్డా పోయేదాకా ఆ ముచ్చట చెప్పి నవ్వుతూనే ఉండేది.

రిటైరయ్యాక ఎర్నీ సముద్రం పక్కన ఉండాలని స్కార్‌బరో వెళ్ళిపోయాడు. మొన్న వసంతంలో ఓ తెల్లారుజామున అక్కడి నుంచి క్లిఫ్‌కి ఫోన్ వచ్చింది. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే ఆసుపత్రి నుంచి. రేపటి దాకా ఉంటారని చెప్పలేం, మిమ్మల్నే అడుగుతున్నారు, త్వరగా రండి అన్నారట. క్లిఫ్‌కి కారు లేదు. పొద్దున్నే నా కారు తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు ఆపాను.

"ఏమయ్యా, తయారేనా?"

"తయారే బ్రెండా తల్లీ. కెటిల్ పెట్టాను. ఒక్క గుక్క తాగి పోదాం."

"దారిలో తాగుదువుగానీ, పద."

"దారిలో దొరికేది టీయా? కుడితి."

తాగాడు. ఆ తర్వాత రొట్టె కోయడం మొదలుపెట్టాడు. ఎర్నీకి హామ్ శాండ్‌విచ్‌లంటే ఇష్టమట, ఆవపిండి ఘాటుగా ఉండాలట.

"మంచినీళ్ళు కూడా మింగలేని మనిషికి శాండ్‌విచ్‌లేమిటయ్యా?"

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళను తల్లీ?"

చుట్టడానికి కాగితం దొరకలేదు. కాగితం దొరికాక ఫ్లాస్కు మూత కనబడలేదు. మూత దొరికాక టోపీ. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. నేను కార్లో కూర్చుని హారన్ కొడుతుంటే ఎదురింటి కర్టెన్లన్నీ కదిలాయి. ఆయన చేతిలో గింజల డబ్బాతో బయటికొచ్చాడు.

"పిట్టలకి నాలుగు గింజలు వేసి వచ్చేస్తా."

"పిట్టలు ఎక్కడికీ పోవు క్లిఫ్. మీ అన్న పోతున్నాడు."

నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వంక చూశాడు. చూసి, వెళ్ళి గింజలు వేసే వచ్చాడు. వీధి దాటేసరికి మధ్యాహ్నమైంది. యార్క్ వరకూ ఎర్నీ గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత శాండ్‌విచ్‌ల పొట్లం ఒళ్ళో పెట్టుకుని దాని కాగితం మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రి వరండాలో నర్సు ఎదురొచ్చింది. మా ఇద్దరినీ చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"మీరేనా ఆయన తమ్ముడు? భోజనాల వేళకి పోయారండీ. పొద్దుటినుంచీ స్పృహలోనే ఉన్నారు. వరండాలో గోలగా ఉంది, తలుపు వేస్తానంటే ఒప్పుకోలేదు. మా తమ్ముడు వస్తున్నాడు, వాడికి కాస్త టైం పడుతుంది అన్నారు. అది ఊరికే మూసుకుపోయే తలుపు. చివరికి ఆయన చెప్పు అడ్డం పెట్టించుకున్నారు. మీరొచ్చేదాకా అలాగే ఉంచాం."

వరండా చివర ఆ గది కనబడుతోంది. తలుపు సందులో గళ్ళగుడ్డ చెప్పు ఒకటి ఇరికించి ఉంది. క్లిఫ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి, వంగి, ఆ చెప్పు తీశాడు. తలుపు మూసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మాల్టన్ దగ్గర అన్నాడు.

"ఆగుతాడనుకున్నాను తల్లీ. నేను బయల్దేరనంతసేపూ వాడు పోడనుకున్నాను. ఎప్పుడూ ఆగాడు కదా."

నేను కారు వేగం తగ్గించాను. ఆయన నెత్తిన టోపీ లేదు. అక్కడే మర్చిపోయావేమో, కారు వెనక్కి తిప్పనా అని అడిగాను.

"వద్దు, పోనీ," అన్నాడు. మర్చిపోయిన వస్తువు కోసం క్లిఫ్ వెనక్కి వెళ్ళకపోవడం నేనెరిగి అదే మొదలు.

ఇప్పుడు తెల్లారేసరికి టీ అయిపోతుంది, గడియ ఒక్కసారే పడుతుంది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, లేసులు బిగించి, ముందు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నిన్న పాలసీసా తీసుకోవడానికి బయటికొచ్చి అడిగాను.

"ఎక్కడికి క్లిఫ్, ఇంత పొద్దున్నే?"

"ఎక్కడికీ లేదు తల్లీ," అన్నాడు. "తయారుగా ఉన్నాను, అంతే."