కిడ్నీ బాగుంది కదా

మా ఉద్దానంలో మూత్రం తేడా చేసిందంటే ఎవరూ ఇంకో జబ్బు పేరెత్తరు. కిడ్నీయే అంటారు. పలాస వెళ్లి రక్తం ఇచ్చి, క్రియాటినిన్ అంకె కోసం గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటారు. అంకె బాగుంటే బతికిపోయినట్టే. నేనూ ఆ తానులో ముక్కనే.

మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తోందని నాన్న అంటే, జీడిపిక్కలు ఏరే రోజులైనా పని మానిపించి పలాస తీసుకెళ్లాను. అంకె బాగుంది. నా మొహం చేటంత అయింది. దారిలో అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించి, ఇంటికొచ్చి వీధంతా చెప్పాను. ఆ వీధిలోనే అప్పటికి ఇద్దరు కిడ్నీలు పాడై మంచాన ఉన్నారు మరి.

నాన్న మాత్రం ఇబ్బంది తగ్గలేదని మళ్లీ మళ్లీ అనేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఓసారి నలుగురి ముందూ కసిరాను.

"కిడ్నీ బాగుంది కదా, మరింకేటి నీ బెంగ?"

అంతే. నాన్న రెండేళ్లు ఆ మాటెత్తలేదు.

చివరికి ఓ రోజు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. టెక్కలిలో గొట్టం వేసి, ప్రోస్టేట్ వాచిందని విశాఖ పంపారు. అక్కడ క్యాన్సరని తేల్చారు. అలాంటి గ్రంథి ఒకటి మగాడి ఒంట్లో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. డిగ్రీ చదివిన వెధవని, సిగ్గుచేటు. రేడియేషన్‌తో నయం చెయ్యొచ్చు, కానీ ముందు పొత్తికడుపు కోసి లింఫ్ గ్రంథులు తీసి చూడాలన్నాడు డాక్టరు. జబ్బు వాటిలోకి పాకకుండా ఉంటేనే ఆ ఆశ. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మొక్కని దేవుడు లేడు.

వారానికి రిపోర్టు వచ్చింది. గ్రంథుల్లోకి పాకింది. రేడియేషన్ ఇస్తాం గానీ నయమవుతుందని చెప్పలేమన్నాడు డాక్టరు. రెండేళ్ల ముందొచ్చుంటే అని నేనే అడిగాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

వార్డులోకి వెళ్తే నాన్న కుట్ల మీద చెయ్యేసుకుని పడుకున్నాడు. నా మొహం చూసి కంగారుపడ్డాడు.

"కిడ్నీకేటీ అవలేదు కదా?" అన్నాడు.

"లేదు నాన్నా, బాగుంది."

ఆయన మొహం తేటపడింది. నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నిమిరాడు.

"మరింకేటి నీ బెంగ?" అన్నాడు.

ఏమీ లేదన్నట్టు తలూపాను. రిపోర్టు సంగతి ఆ రోజు చెప్పలేదు. కసిరినందుకు తప్పయిపోయిందని మాత్రం ఏ రోజూ చెప్పలేదు.