దానిమ్మ కింద లైటు

వీధంతా దర్జీ వదిన అని పిలిచే ఆమె, కుట్టుమిషను ముందు నుంచి లేచినప్పుడల్లా పెరట్లోకే వెళ్ళి అక్కడొక తోటను పెంచింది. ఏనాడూ ఒక్కరూ బాగుందన్న పాపాన పోలేదు. బస్సు డ్రైవరైన ఆమె భర్త ఒక సెలవు రోజున తోట లైట్లు కొనుక్కొచ్చి, వైరు మట్టిలో పూడ్చి, మొక్క మొక్కకూ ఒకటి గుచ్చాడు.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. "అన్నయ్యా, తోటంటే ఇదీ! ఎంత బాగా చేశావ్!"

దర్జీ వదినకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళగానే లైట్లన్నీ పీకి, గోడవైపు తిప్పి గుచ్చేసింది.

"దానిమ్మ కింద లైటు ఏమైందే?" అన్నాడు అతను ఇంటికి రాగానే.

"కళ్ళలోకి కొట్టేలా ఎదురుగా పెడితే దాని మొగ్గలు కనిపిస్తాయా? పెంచిన మనిషిని ఒక్క మాట అడిగారా?"

అతను తల గోక్కున్నాడు. "సరే, ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు."

ఆమె చెప్పిన చోటల్లా పెట్టాడు. ఆడపడుచు మళ్ళీ వచ్చినప్పుడు, "ఇదంతా మీ వదిన పనే" అన్నాడు.

"లైట్లు భలే పెట్టించావు వదినా!"

"లైట్లేనా నీకు కనిపించేది?" అంటూ దర్జీ వదిన ఆమె చెయ్యి పట్టుకుని దానిమ్మ దగ్గరికి లాక్కెళ్ళి, ఒక్కో మొగ్గా చూపించాకే వదిలింది.